శివారు గేజీ

నా సర్వీసు రిజిస్టరులో ఒక మంచి మాట ఉంది:
"శివారు భూములకు నీరందించుటలో సమర్థుడు."
పోయిన పంద్రాగస్టుకి రాజోలు ఆఫీసులో
డీఈ గారు పైకి చదివి శాలువా కప్పారు.
శాలువాని మా ఆవిడ కుట్టుమిషను మీద కప్పింది.
కాగితం మాత్రం
గేజీ పుస్తకంలో పెట్టుకుని తిరుగుతున్నాను.

దాళ్వాలో, ఫిబ్రవరి చివర,
అక్విడక్టు దాటిన నీరు మైళ్ళకి మైళ్ళు నడిచి
నా తూము దగ్గరకొచ్చేసరికి
చీలమండ తడుస్తుంది, అంతే.
గేటు తిప్పడానికి చేతులున్నాయి,
తిప్పితే రావడానికి నీళ్ళుండాలి గదా.

రాత్రి పదకొండింటికి పై లాకుల్నించి చిట్టబ్బాయి ఫోను:
"నడిమి తూములు దించేను.
తెల్లారేలోగా రెండంగుళాలు ఎక్కువొస్తది. పట్టుకో."
హలో లేదు, ఉంటాను లేదు.
పదమూడు దాళ్వాలు.

మాకు చుట్టరికం లేదు. కులం కలవదు.
ఒక తుపాను రాత్రి గట్టు గండి పడితే
ఇసక బస్తాలు చెరో కొసా పట్టి మోశాం.
వాడి చెప్పు ఒకటి కొట్టుకుపోయింది.
ఏమనిపించిందో, నాదొకటి విడిచి ఇచ్చాను.
ఇద్దరం ఒంటి చెప్పుతో కుంటుకుంటూ ఇళ్ళకెళ్ళాం.
ఎవరికీ పనికిరాని ఆ దానం మీద
నా సమర్థత మొత్తం నిలబడింది.

నవంబరులో చిట్టబ్బాయి రిటైరయ్యాడు.
కొత్త కుర్రాడు ప్రసన్నకుమారు, ఔట్‌సోర్సింగు.
ఫోనెత్తడు. ఎత్తినా
"గేజీ ప్రకారమే వదులుతున్నానండి, ఆయ్."
గేజీ ప్రకారం నా కాలవలో కొంగలు నడిచాయి.
రైతులు మా వాకిట్లో సైకిళ్ళాపి
"నిరుడు నువ్వే గదా ఇచ్చింది?" అన్నారు.
నిరుడు నేను కాదు.
ఆ మాట గొంతుదాకా వచ్చింది.
కిటికీలోంచి శాలువా జరీ మెరుస్తోంది,
ఊరుకున్నాను.

ఆదివారం నాలుగు మట్టపీతలు సంచిలో వేసుకుని వెళ్ళాను.
నీళ్ళడగాలనే వెళ్ళాను, అబద్ధమెందుకు.
లాకుల గదిలో కుర్రాడు
అద్దం పగిలిన ఫోనులో జీతం పడిందేమో చూసుకుంటున్నాడు.
నాలుగు నెలలయిందట.
చంటిదానికి పాలడబ్బా అప్పు పెట్టాడట.
పీతల డెక్కలకి దారం ఎలా కట్టాలో చూపించాను,
చిట్టబ్బాయి ఏ గేటుకి ఎక్కడ గ్రీజు రాసేవాడో చెప్పాను.
జీతం బిల్లు ఏ గుమాస్తా బల్ల మీద పడుకుంటుందో
నాకు తెలుసు. ఆ గుమాస్తాతో మాట్లాడాను.
నీళ్ళ ఊసెత్తకుండా వచ్చేశాను.
ఇది స్నేహమో లౌక్యమో
దారిలో బండి ఆపి మరీ ఆలోచించాను. తేలలేదు.

గురువారం రాత్రి పదకొండింటికి ఫోను మోగింది.
"బాబాయ్, నడిమి తూములు దించేను."

చేలు తేరుకున్నాయి. ఏఈ గారు వచ్చి
మళ్ళీ నీ పేరే రాస్తానన్నారు.
ఆయన జీపు దుమ్ము అణగకముందే
ఒకాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.
బొక్కా ఏడుకొండలు. నడిమి తూము కింద
ఎకరం పాతిక సెంట్లు కౌలు.
కోపంగా లేడు. అదే ఇబ్బంది.
"మా తూముకి రాత్రిళ్ళు నీరెక్కదేవండీ?
పదమూడేళ్ళ బట్టి చూస్తన్నాను.
ఎవర్నడగాలో తెలీదు. మీకెవరైనా తెలుసాండీ?"

ఎవరైనా తెలుసా.
నాకు లాకుల్లో తెలుసు, ఆఫీసులో తెలుసు,
బిల్లుల బల్ల దగ్గర తెలుసు.
ఆయనకి తెలిసిందల్లా
ఎండిన చేలో బీట ఎంత వెడల్పో.

ఎరువు బస్తా చీటీ చింపి నంబరు రాసిచ్చాడు.
దాన్ని గేజీ పుస్తకంలో
ఆ మంచి మాట పక్కనే పెట్టాను.

ఇప్పుడు పదకొండున్నర.
ప్రసన్నకుమారు ఫోను వచ్చి పెట్టేశాడు.
చీటీ చేతిలో ఉంది. మా వైపు సిగ్నలు ఒకే గీత,
అయినా కలుస్తుంది.
ఇంకా నొక్కలేదు.

తూము కింద చీకట్లో
రెండంగుళాలు వస్తున్న చప్పుడు.